హిమ్మెల్ ఉంగరం, ఇందూరు ఖిల్లా గోడ



బోధన్ బస్టాండులో సాయంత్రంపూట నిజామాబాద్ బస్సు కోసం నిలబడ్డ కాలేజీ పిల్లల ఫోన్లలోకి ఓసారి తొంగి చూడండి. సినిమా హీరోల బొమ్మలు తగ్గిపోయాయి. పెద్ద పెద్ద కళ్లు, రంగురంగుల జుట్టు, చేతిలో కత్తో కర్రో పట్టుకున్న జపాను బొమ్మలు కనిపిస్తాయి. అనిమే అంటారు వాటిని. ఆ పిల్లలకు నేను తెలుగు పాఠం చెబుతాను. వాళ్లు దేనికి నవ్వుతున్నారో, దేనికి కళ్లు తుడుచుకుంటున్నారో తెలుసుకోకుండా ప్రబంధాలు చెప్పి ఏం లాభం అనిపించి, నేనూ చూడ్డం మొదలుపెట్టాను.

చిన్నపిల్లల బొమ్మలని మనం కొట్టిపారేస్తాం గానీ, ఆ పిల్లలు డోరేమాన్ దగ్గర మొదలుపెట్టి ఎప్పుడో ముందుకు వెళ్లిపోయారు. 2022లో నరుటో సోనీ యే చానల్లో తెలుగులో మాట్లాడాడు. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ సినిమా తెలుగు డబ్బింగుతో థియేటర్లకు వచ్చింది. అదే ఏడాది జనవరిలో, యుగో సాకో అనే జపాను ఆయన మన యానిమేటర్ రామ్‌మోహన్‌తో కలిసి తొంభైల మొదట్లో తీసిన రామాయణం బొమ్మల సినిమా కూడా తెలుగు గొంతుతో మళ్లీ విడుదలైంది. రాముడి కథనే వాళ్ల గీతల్లో చూసినవాళ్లం, ఇక మిగతావాటికి మొహమాటం ఎందుకు?

ఆ కథల్లో యుద్ధాలు బోలెడు. వాటి జోలికి ఇవాళ పోను. నోరు విప్పి చెప్పుకోని ప్రేమ, చెప్పుకోని స్నేహం, ఆ సంగతి మాట్లాడతాను.

మన సినిమాలో ప్రేమ ఉందంటే ఇంటర్వెల్‌లోపు చెప్పాల్సిందే. చెప్పాక పాట, పాటలో మళ్లీ చెప్పడం. ఈ జపాను కథల్లో అలా కాదు. నరుటో అనే కుర్రాడి కథలో హినాటా అనే పిల్ల ఉంది. చిన్నప్పటినుంచీ చెట్టు చాటునో గోడ చాటునో నిలబడి అతణ్ణే చూస్తుంటుంది. నోరు తెరిచి చెప్పేది ఎప్పుడంటే, శత్రువు అతణ్ణి నేలకు గుచ్చి కదలనీయకుండా చేసినప్పుడు, ఇక తానూ చచ్చిపోతానని తెలిసి అడ్డం పడినప్పుడు. దానికి అతను జవాబు చెప్పేది ఆ సీరియల్లో కాదు, 2014లో వచ్చిన సినిమాలో! అందులో ఆమె అతని కోసం ఎర్ర మఫ్లరు అల్లుతూ ఉంటుంది. ఇక నరుటోకూ సాసుకే అనే ఇంకో కుర్రాడికీ ఉన్న దోస్తీ అయితే చెప్పక్కర్లేదు. చివరికి ఇద్దరూ చెరో చెయ్యి పోగొట్టుకుని పక్కపక్కన పడుకుని ఉంటే తప్ప ఆ స్నేహం సంగతి తేలదు. నాకు అది కొంచెం అతిగానే అనిపిస్తుంది. మగపిల్లలు ఒకరినొకరు తన్నుకుంటే గానీ నువ్వంటే నాకు ఇష్టం అనుకోలేరా?

నన్ను నిజంగా కూర్చోబెట్టింది ఇంకో కథ. మా క్లాసు అమ్మాయి ఒకతె, "మేడం, ఫ్రీరెన్ చూడుండ్రి. మీకు నచ్చుతది. అండ్ల కొట్లాటలు తక్కువ," అని చెప్పింది. కనెహితో యమదా రాసి, త్సుకాసా అబే బొమ్మలు గీసిన కథ అది. 2020లో పత్రికలో మొదలై, మరుసటి ఏడే అక్కడ బొమ్మల కథలకిచ్చే మాంగా తైషో బహుమతి తెచ్చుకుంది. 2023 సెప్టెంబరు చివర్లో టీవీలోకి వచ్చింది. మొదటి విడతలో 28 భాగాలు.

బొమ్మల కథని రేడియోలో చెప్పడం కొంచెం తిక్క పనే. అయినా వినండి.

కథ మొదలయ్యేసరికే యుద్ధం అయిపోయి ఉంటుంది. నలుగురు మిత్రులు పదేళ్లు దేశాలు తిరిగి రాక్షస రాజును చంపి రాజధానికి తిరిగి వస్తారు. హిమ్మెల్ అనే వీరుడు, తన అందం మీద తనకు బాగా నమ్మకం ఉన్నవాడు. హైటర్ అనే పూజారి, తాగుబోతు. ఐజెన్ అనే మరుగుజ్జు యోధుడు. నాలుగో ఆమె ఫ్రీరెన్, మంత్రాలు తెలిసినది. చూడ్డానికి పద్దెనిమిదేళ్ల పిల్లలా ఉంటుంది గానీ వయసు వెయ్యేళ్లు దాటింది. ఆమె జాతికి చావు అంత తొందరగా రాదు. మనకు దసరా సెలవులెంతో ఆమెకు ఆ పదేళ్లు అంత. ఆ రాత్రి ఆకాశంలో ఉల్కలు రాలుతుంటాయి. యాభై ఏళ్లకొక్కసారి వచ్చే ఉల్కలవి. వచ్చేసారి ఇంతకన్నా మంచి చోటు చూపిస్తానని మామూలుగా అనేసి, ఆమె తన దారిన వెళ్లిపోతుంది.

అన్నట్టే యాభై ఏళ్లకు వస్తుంది. హిమ్మెల్ పొట్టివాడై, గడ్డం నెరిసి, కర్ర పట్టుకుని ఎదురొస్తాడు. ముసలివాడివైపోయావని మొహం మీదే అంటుంది. నలుగురూ కలిసి ఉల్కలు చూసి వస్తారు. కొద్ది రోజులకే హిమ్మెల్ పోతాడు. అతను పెళ్లి చేసుకోలేదు. శవం పక్కన ఫ్రీరెన్ పొడి కళ్లతో నిలబడి ఉంటే, గుండె లేని మనిషని జనం గుసగుసలాడతారు. మట్టి వేస్తున్నప్పుడు ఏడుస్తుంది. మనుషులకు ఆయుష్షు తక్కువని తెలిసీ ఇతని గురించి ఎందుకు తెలుసుకోలేదని తనను తానే అడుక్కుంటుంది. మన సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. ఇదంతా మొదటి భాగంలోనే అయిపోతుంది. ఆమె అతణ్ణి తెలుసుకోవడం అతను పోయాక మొదలవుతుంది.

ఒక్క సన్నివేశం వివరంగా చెబుతాను. ఆ పాత ప్రయాణంలో ఒకనాడు వీధి దుకాణం దగ్గర హిమ్మెల్ నలుగురికీ తలా ఒకటి కొనిస్తానంటాడు. ఫ్రీరెన్ పెద్దగా చూడకుండా ఒక ఉంగరం తీసి ఇదిచ్చేయమంటుంది. దాని మీద ఒక తామరపువ్వు లాంటి గుర్తు. ఆ దేశంలో పూలకు అర్థాలుంటాయి, ఆ పువ్వుకు ఎన్నటికీ తరగని ప్రేమ అని అర్థం. ఫ్రీరెన్‌కు ఆ సంగతి తెలియదు. హిమ్మెల్‌కు తెలుసు. ఉంగరాన్ని ఒక్క క్షణం చూస్తాడు. ఏమీ అనడు. మోకాలి మీద కూర్చుని, ఆమె చెయ్యి అందుకుని, వేలికి తొడుగుతాడు. ఆ సన్నివేశంలో మాటలుండవు. ఎనభై ఏళ్ల తర్వాత ఆ ఉంగరం ఎక్కడో పోతే ఆమె దాన్ని వెతికి పట్టుకుంటుంది. అప్పుడే మనకు ఆ పాత రోజు చూపిస్తారు. తమాషా ఏమిటంటే అదే భాగంలో ఫెర్న్ అనే ఆమె శిష్యురాలికి స్టార్క్ అనే కుర్రాడు అదే పువ్వున్న కంకణం కొనిస్తాడు. వాడికీ అర్థం తెలియదు. ఒక తరంలో తెలిసినవాడు నోరు మూసుకున్నాడు, ఇంకో తరంలో తెలియనివాడు ఇచ్చేసి తల గోక్కుంటున్నాడు.

మా పిల్లలకు హిమ్మెల్ అంటే ప్రాణం. వెళ్లిన ఊళ్లోనల్లా తన విగ్రహం పెట్టించుకుంటాడు. అందగాణ్ణని గర్వం అనుకుంటాం. అసలు కారణం అతనే ఎప్పుడో చెబుతాడు. మేమందరం పోయాక ఫ్రీరెన్ ఒంటరిదైపోకూడదు, ఏ ఊరు వెళ్లినా తెలిసిన మొహం ఒకటి ఉండాలి అని. తర్వాత ఒక ఊళ్లో ఆ విగ్రహం పాడుపడి ఉంటే ఆమె శుభ్రం చేసి, దాని చుట్టూ వేయడానికి హిమ్మెల్ పుట్టిన ఊరి నీలం పూల కోసం ఆరు నెలలు వెతుకుతుంది. ఆ పూలు అంతరించిపోయాయని ఊరంతా అనుకుంటున్నా సరే వెతుకుతుంది.

నేను మాత్రం హైటర్ పక్షం. ఎవరూ ఆయన్ని పెద్దగా పట్టించుకోరు, తాగుబోతు కదా. యుద్ధంలో అమ్మానాన్నలు పోయి కొండ అంచున నిలబడ్డ ఫెర్న్‌ని తెచ్చుకుని పెంచుకుంటాడు. హిమ్మెల్ ఉంటే ఏం చేసేవాడో అదే చేశానంటాడు. తనకు పోయేకాలం దగ్గరపడింది. పిల్లకు దిక్కు కావాలి. అటు ఫ్రీరెన్‌కూ ఒక తోడు కావాలి. శిష్యురాలిగా తీసుకోమంటే ఆమె ఒప్పుకోదు. సరే, ఈ పాత గ్రంథంలో చావు లేకుండా చేసే మంత్రం ఉందట, చదివిపెట్టు, తీరికున్నప్పుడు పిల్లకు నాలుగు ముక్కలు నేర్పు అంటాడు. ఆ పని తేలడానికి ఏళ్లు పడుతుంది. మంత్రమూ లేదు, మట్టీ లేదు. అప్పటికి పిల్ల చదువు పూర్తయింది, ఇద్దరూ ఒకరికొకరు అలవాటయ్యారు. ఒక్క అబద్ధంతో ఇద్దరికీ దారి చూపించి పోయాడు. ఈ పూజారి నాకు మన ఊళ్లలో పెళ్లిళ్లు కుదిర్చే పెద్దమనిషిలా కనిపిస్తాడు, ఎవరి ముందూ ఎవరి పేరూ ఎత్తకుండా పని చక్కబెట్టుకొచ్చే రకం.

అంతకన్నా లోతైన సంగతి ఇంకొకటుంది. చనిపోయినవాళ్లతో మాట్లాడే చోటు ఒకటి ఉత్తరాన ఉందని ఇంకో పాత పుస్తకంలో ఫ్రీరెన్‌కు తెలుస్తుంది. ఆ పుస్తకం దొరికేలా చూసింది ఐజెన్, హైటర్‌లే. సమాధి దగ్గర ఆమె ఏడుపు చూసి ఊరుకోలేక, వెళ్లి మనసులో మాట హిమ్మెల్‌తోనే చెప్పమని ఐజెన్ అంటాడు. అంటే ఫ్రీరెన్ నడుస్తున్న దారి మొత్తం, ఆ 28 భాగాల ప్రయాణం, ఇద్దరు ముసలి స్నేహితులు వేసిపెట్టిన బాట. హిమ్మెల్ చెప్పకుండా వదిలేసిన మాటకు మిగిలిన ముగ్గురూ మూల్యం చెల్లించారన్నమాట. చెప్పని మాట ఊరికే పోదు, ఎవరో ఒకరి భుజం మీద పడుతుంది. ఈ కథ చూశాక నాకు మిగిలింది ఈ ఆలోచనే.

ఇది జపాను వాళ్లకే తెలిసిన విద్య కాదు. ఊర్మిళాదేవి నిద్ర పాట మా అమ్మమ్మల కాలం ఆడవాళ్లకు నోటికి వచ్చు. పద్నాలుగేళ్లకు లక్ష్మణుడు వచ్చి పిలిస్తే, నిద్రమత్తులో ఊర్మిళ పరాయి మగాడనుకుని నిలదీస్తుంది. అడవికి పోతూ చెప్పకుండా వదిలేసిన మాటలన్నీ ఆ పాటలో ఆమె చేత అడిగించారు మన ఆడవాళ్లు. వాల్మీకి వదిలేసిన లెక్కను వాళ్లు సరిచేశారు.

మన ఊరి సంగతికి వస్తాను. ఇందూరు అని పిలుచుకునే నిజామాబాద్‌లో ఖిల్లా మీద రామాలయానికి వెళ్లేవాళ్లలో ఎందరికి అది ఒకప్పుడు జైలని తెలుసో! నిజాం కాలంలో కవి దాశరథి కృష్ణమాచార్యనూ, వట్టికోట ఆళ్వారుస్వామినీ అక్కడే పెట్టారు. దాశరథి 1925లో పుట్టాడు, ఆళ్వారుస్వామి 1915లో. పదేళ్లు పెద్ద. చిన్నప్పుడు ఇళ్లలో వంట చేసి, హోటల్లో సర్వరుగా పనిచేసి, తనంత తాను చదువుకుని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చేసి, భుజాన మోసి అమ్మినవాడు. జైల్లో కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో దాశరథి గోడ మీద పద్యాలు రాశాడు. జైలువాళ్లు చెరిపేశారు. మళ్లీ రాశాడు. ఆళ్వారుస్వామి ఆ పద్యాలను కంఠస్థం పట్టేవాడని చెబుతారు.

ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా అందరూ పద్యం గురించే మాట్లాడతారు. రాసింది గొప్పే, కాదనను. నేను ఆ కంఠస్థం పట్టినవాడి గురించి ఆలోచిస్తాను. గోడను నమ్మడానికి లేదు, రేపు సున్నం కొడతారు. పక్కనున్న మనిషి బుర్రను నమ్మొచ్చు. నీ పద్యం బాగుంది, నువ్వంటే నాకు అభిమానం అనే మాటల కన్నా, నీ పద్యం నా నోట్లో ఉంది, నిన్ను కొట్టినా అది పోదు అనేది ఎన్ని రెట్లు పెద్ద మాట! బయటికి వచ్చాక 1949లో పద్యాల పుస్తకం అగ్నిధార అచ్చయింది. దాశరథి దాన్ని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. ఈ ఒక్క విషయంలో మనవాడు హిమ్మెల్ కన్నా మెరుగు. అంకితం పేజీలో పేరు వేశాక ఇక దాపరికం లేదు, చదివిన ప్రతివాడికీ తెలుస్తుంది. 1961లో ఆళ్వారుస్వామి పోయాడు, నలభై అయిదేళ్లకే. దాశరథి ఇంకా ఇరవై ఆరేళ్లు బతికాడు. ఆ పుస్తకం మొదటి పేజీలో ఆ పేరు అలాగే ఉంది.

ఈ కథ క్లాసులో చెబితే ఒక అబ్బాయి అడిగాడు. "మరి మేడం, వాళ్లు పెద్ద మనుషులు, పుస్తకాలు రాసిండ్రు. మా అసొంటోళ్ల సంగతేంది?"

మంచి ప్రశ్న. జవాబు మన బోధన్ శక్కర్‌నగర్‌లో ఉంది. అక్కడ నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీ 1937లో పెట్టారు. ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నారు. నిజాంసాగర్ నీళ్లు, దాని వెంట చెరుకు, చెరుకు వెంట జనం. కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్నవాళ్లు, ఇక్కడి పల్లెలవాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, అందరికీ ఒకే సైరను. సీజన్‌లో చెరుకు బండ్లు రాత్రంతా కాంటా ముందు వరస కట్టేవి. 2002లో ప్రైవేటు చేతికి ఇచ్చారు, 2015 డిసెంబరులో మూతపడింది. పుట్టుక నుంచి మూత దాకా లెక్కేస్తే 78 ఏళ్లు. నలుగురు మిత్రులు రాజధానికి తిరిగొచ్చిన నాటినుంచి ఫ్రీరెన్ ఆ ఉంగరం వెతుక్కునే నాటికి ఇంచుమించు అంతే కాలం. ఆమెకు అది రెప్పపాటు. శక్కర్‌నగర్‌కు మూడు తరాలు.

ఆ కాలనీ మూల మీద జిరాక్స్ దుకాణంలో ఒక పెద్దాయన్ని చూశాను. కాంటా దగ్గర పనిచేసినవాడు. రెండు ప్లాస్టిక్ ఫైళ్లు, ఒకటి పచ్చది, ఒకటి నీలం. రెండింట్లోంచీ కాగితాలు తీసి, ఒక్కొక్కటీ అద్దం మీద సరిగ్గా పెట్టమని కుర్రాడికి చెబుతూ కాపీలు తీయిస్తున్నాడు. రావలసిన బాకీల కాగితాలు. నీలం ఫైలు మీద పేరు ఆయనది కాదు.

"ఇది ఎవరిది కాకా?" అన్నాను.

"మా దోస్తుది బిడ్డా. బాయిలర్ల చేసిండు. వానికి మోకాళ్లు పట్టేసినయ్. ఎట్లా నేను పోతున్న గద."

"ఎన్నాళ్లనుంచి తిప్పుతున్నవ్?"

"ఏమో. లెక్క పెడ్తే పైసలొస్తయా?"

డబ్బులిచ్చేటప్పుడు రెండు ఫైళ్లకూ ఆయనే ఇచ్చాడు. నీలం ఫైలు కాగితాల మూలలు మడత పడకుండా అట్టముక్క పెట్టి ఉంది. పచ్చదానికి లేదు. నాకు హైటర్ గుర్తొచ్చాడు. ఆయనకు చెప్పలేదు, చెబితే ఈ మేడానికేమైంది అనుకునేవాడు.

ఇళ్లలోనూ ఇంతే. మన వైపు ఏ తల్లీ కొడుకుతో నువ్వంటే ప్రేమ అని అనదు. "తిన్నవా?" అంటుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినా మొదటి మాట అదే. ఐజెన్ కూడా అంతే. యోధుడు ఏదైనా సాధించినరోజు, పుట్టినరోజు, పెద్ద మాంసపు ముద్ద వండి ముందు పెడతాడు. శభాష్ అనడు. స్టార్క్‌కు పద్దెనిమిదేళ్లు నిండిన రోజున గురువు ఐజెన్ దగ్గర లేడు, ఆ వంట ఫ్రీరెన్ చేసిపెడుతుంది. ఆ కుర్రాడు ముద్దను చూసి అన్నీ అర్థం చేసుకుంటాడు. మా ఆడపిల్లలు ఇక్కడ ఏడవలేదు గానీ మగపిల్లలు ఏడ్చారట, వాళ్లే చెప్పారు.

అయితే చెప్పకపోవడాన్ని గొప్ప చేసి దండలు వేయడం నాకిష్టం లేదు. "తిన్నవా" వెనక ప్రేమను పట్టుకోవడం కొడుక్కి అలవాటు. కోడలికి ఆ అలవాటు ఉండదు, ఆమెకు అది తిండి గురించిన ప్రశ్నే. పెళ్లయి ముప్పై ఏళ్లయినా మొగుడి నోటివెంట ఒక్క మెచ్చుకోలు వినని ఆడవాళ్లు ఈ ప్రసంగం వింటూ ఉంటారు. ఆయన మనసులో ఉందిలే అని సర్దిచెప్పే హక్కు నాకు లేదు. హిమ్మెల్ నోరు విప్పి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఫ్రీరెన్‌కు బహుశా అర్థమయ్యేది కాదు, అతనికి అది తెలుసు, అందుకే ఊరుకున్నాడు అంటారు మా పిల్లలు. కావచ్చు. కానీ ఆమెకు వెయ్యేళ్లు టైముంది. వెనక్కి నడిచి వెళ్లి, ఊరూరా విగ్రహం ముందు నిలబడి, అప్పుడు ఇలా అన్నాడా, ఇందుకన్నాడా అని తీరిగ్గా తెలుసుకోగలదు. ఆ టైము మనలో ఎవరికుంది?

ఒక విషయంలో మాత్రం మా క్లాసు ఇప్పటికీ రెండు జట్లు. ఫ్రీరెన్ హిమ్మెల్‌ను ప్రేమించిందా లేదా? నీలం పూల కోసం ఆరు నెలలు తిరిగింది కదా మేడం, ప్రేమ కాకపోతే ఏంది అంటారు ఆడపిల్లలు. పనికిరాని మంత్రాల కోసం కూడా ఆమె అంతే తిరుగుతది అంటారు మగపిల్లలు. నా మాట అడిగితే, ఇంకా లేదు అంటాను. ఆమె ప్రేమించడం నేర్చుకుంటోంది, ఉత్తరాన ఆ చోటికి చేరేలోపు నేర్చుకుంటే సంతోషం. దానికి రెండు జట్లూ ఒప్పుకోలేదు.

చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. జపానులో మొదటి నాలుగు భాగాలూ ఒకే రాత్రి కలిపి వేశారు. మీరూ అలాగే చూడండి, ఒక్కటి చూసి ఆపేస్తే అంతా చావు కథలా ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి, పేర్లు వాళ్లు చెబుతారు. నన్నయితే ఇప్పుడు వన్ పీస్ మొదలుపెట్టమని పోరుతున్నారు. ఎన్ని భాగాలర్రా అంటే పదకొండు వందలు దాటాయన్నారు. దానికి ఫ్రీరెన్ ఆయుష్షు కావాలి, నాకు వచ్చే నెల పేపర్లు దిద్దే పని ఉందని చెప్పాను.